కష్టాల్లో ఉన్న పిల్లల కుటుంబాలకు చెన్నై కార్పొరేషన్ తన డబ్బు ఇవ్వాలా?

ఇవ్వాలి. "అది కేంద్రం, రాష్ట్రం చూసుకునే పని, కార్పొరేషన్ రోడ్లూ మురుగు కాలవలూ చూసుకుంటే చాలదా" అని కొందరు అడిగారు చూడండి, నాకు కోపం వచ్చింది అక్కడే.

మాది నెల్లూరు వైపు, కానీ నేను పుట్టి పెరిగింది చెన్నై వ్యాసర్‌పాడిలోనే, ఇంట్లో మిషన్ పెట్టుకుని బట్టలు కుడతాను. మా వీధిలో ఒకమ్మాయికి మొగుడు పోయాడు. హౌస్‌కీపింగ్ పనికి పోతుంది, అయిదున్నరకల్లా బస్సెక్కాలి. ఏడో క్లాసు చదివే కొడుకు తనే లేచి, ఏదో ఒకటి తిని బడికి పోవాలి. వాడు లేస్తేగా! బడిలో పొద్దుటి టిఫిన్ పథకం ఉందంటారు, అది అయిదో క్లాసుతో సరి. ఆరో క్లాసుకొస్తే ఆకలి పోతుందనుకున్నారో ఏమో. కొన్నాళ్లకి వాడు బిర్యానీ కొట్లో ప్లేట్లు కడుగుతూ కనిపించాడు, నన్ను చూసి లోపలికి పారిపోయాడు.

మిషన్ వాత్సల్య అని కేంద్రం పథకం ఉంది, దాని కింద ఇలాంటి పిల్లలకి నెలకి 4,000 ఇస్తారని ఎవరో చెప్పారు. ఆ అమ్మాయి ఒక రోజు జీతం పోగొట్టుకుని, నేను పెళ్లివాళ్ల బ్లౌజులు పక్కన పడేసి, ఇద్దరం ఆఫీసుకి పోయాం. అక్కడాయన పాస్‌బుక్ తిరగేసి, పట్నంలో ఆదాయం ఏడాదికి 96,000 దాటకూడదమ్మా అన్నాడు. అంటే నెలకి 8,000. ఈమెకి పడేది 11,000, అందులో అద్దెకే 4,500 పోతుంది. "తక్కువ రాయించి ఇన్‌కమ్ సర్టిఫికెట్ తెచ్చుకోండి" అని మెల్లగా చెప్పాడు, మంచికే చెప్పాడనుకోండి. మెట్లు దిగేటప్పుడు ఆ అమ్మాయి, "మొగుడు లేడని కాయితం తెచ్చినా, ఇప్పుడు జీతం కూడా లేదని తేవాల్నా అక్కా?" అంది. మళ్లీ పోలేదు.

ఆ పథకం ఖర్చు కేంద్రం 60, రాష్ట్రం 40 వంతున పెట్టుకుంటాయి. ఆ 96,000 లెక్క దేశంలో అన్ని పట్నాలకీ ఒకటే. వ్యాసర్‌పాడిలో ఒక గది అద్దె ఎంతో ఢిల్లీకి ఎట్లా తెలుస్తుంది? కార్పొరేషన్‌కి తెలుసు. ఆ గీత దాటి కొంచెం పైన ఉండిపోయినవాళ్లని అదే చూసుకోవాలి.

ఇదేం కొత్త కోరిక కాదు. 1920లో థౌజండ్ లైట్స్ కార్పొరేషన్ బడిలో పిల్లలకి టిఫిన్ పెట్టడం మొదలుపెట్టింది ఈ కార్పొరేషనే, తలకి రోజుకి ఒక అణా మించకుండా. అప్పుడు అధ్యక్షుడు పిట్టి త్యాగరాయ చెట్టి, మన తెలుగాయనే. టీ నగర్‌కి ఆయన పేరే పెట్టారు, అక్కడ చీరలు బేరమాడేవాళ్లలో ఎంతమందికి తెలుసో!

ఇస్తే దేనికివ్వాలి అంటారా, దయచేసి మళ్లీ బిల్డింగు మాత్రం కట్టొద్దు. రిబ్బన్ కత్తిరిస్తారు, శిలాఫలకం పెడతారు, ఆర్నెల్లకి తాళం. 200 వార్డులున్నాయి, వార్డుకొక ఆడమనిషిని జీతమిచ్చి పెట్టండి, బడికి రాని పిల్లల ఇళ్లకి తిరగడమే ఆమె పని. పిల్లల కోసం 1098 హెల్ప్‌లైన్ ఉంది కదా అనకండి, పొద్దున నిద్ర లేవని పిల్లాడి గురించి దానికి ఎవరు ఫోన్ చేస్తారు? ఫ్లైఓవర్ స్తంభాలకి బొమ్మలు వేయించడానికి దొరికే డబ్బు దీనికి దొరకదంటే నేను నమ్మను.

వాణ్ని చివరికి నేనే లేపాను, రెండు నెలలు, రోజూ ఏడింటికి తలుపు కొట్టి, రెండు ఇడ్లీలు చేతిలో పెట్టి. మొదట్లో తిట్టుకునేవాడు. ఇప్పుడు ఎనిమిదిలో ఉన్నాడు, మొన్న యూనిఫాం ప్యాంటు పొట్టయిందని తెచ్చాడు. కింద మడత విప్పి రెండంగుళాలు వదిలాను, ఇంక విప్పడానికి గుడ్డ లేదు.