డాక్యుమెంటేషన్‌లో నడిచే కోడ్: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా పైథాన్ లైబ్రరీకి డాక్యుమెంటేషన్ రాస్తున్నాను. రెండు మూడు వెర్షన్లు మారేసరికి అందులోని ఉదాహరణలు పనిచేయడం లేదని ఫిర్యాదులు వస్తున్నాయి. ప్రతి ఉదాహరణ పక్కన ‘రన్’ బటన్ పెడితే సరిపోతుందా? – ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: బటన్ ఒక్కటే పెడితే సరిపోదు. ఇన్నాళ్లూ చదివేవారి కంప్యూటర్‌లో ఎర్రర్ ఇచ్చిన ఉదాహరణ ఇకపై మీ పేజీలోనే ఎర్రర్ ఇస్తుంది. ముందు ఉదాహరణలను టెస్టులుగా మార్చండి. పైథాన్‌తో పాటే వచ్చే డాక్‌టెస్ట్ ఇందుకు చాలు, విడిగా ఏదీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. ఇంటర్‌ప్రెటర్ ప్రాంప్ట్ గుర్తు తర్వాత కోడ్, దాని కింద రావాల్సిన ఫలితం రాస్తే, అది కోడ్‌ను నడిపి వచ్చినదాన్ని మీరు రాసినదానితో అక్షరం అక్షరం పోలుస్తుంది. ప్రతి పుల్ రిక్వెస్ట్‌కూ (కోడ్ మార్పు ప్రతిపాదనకూ) సీఐలో, అంటే టెస్టులను దానంతటదే నడిపే ఏర్పాటులో, దీన్ని నడిపించండి. ఫెయిలైతే ఆ మార్పును అసలు కోడ్‌లో కలవనివ్వకండి.

వారానికోసారి కోడ్ మార్పుతో సంబంధం లేకుండా కూడా నడిపించాలి. మీ కోడ్ మారకపోయినా మీరు ఆధారపడ్డ లైబ్రరీలు మారుతుంటాయి. 2024లో లెక్కల లైబ్రరీ నంపై 2.0 వచ్చినప్పుడు, అంతకుముందు ప్రాంప్ట్ దగ్గర 3.0 అని కనిపించే విలువ ‘ఎన్‌పీ.ఫ్లోట్64(3.0)’ అని కనిపించడం మొదలైంది. లెక్కలో తేడా లేదు, చూపించే తీరే మారింది. పాత ఫలితం రాసి ఉన్న డాక్‌టెస్టులు ఫెయిలయ్యాయి. ఆ విలువను ప్రింట్‌తో చూపించిన చోట మాత్రం ఎప్పటిలా 3.0 అనే వచ్చింది. అందుకే ఫలితాన్ని ప్రింట్‌తో చూపించడమే మేలు.

పొడవైన ఉదాహరణలను పేజీలో టైపు చేయొద్దు. విడి ఫైలుగా ఉంచి, దాన్ని టెస్ట్ చేసి, స్ఫింక్స్‌లో (డాక్యుమెంటేషన్ పేజీలు తయారుచేసే సాధనం) లిటరల్‌ఇంక్లూడ్ అనే ఆదేశంతో పేజీలోకి తెచ్చుకోండి. ఎక్కణ్నుంచి ఎక్కడిదాకా అన్నది లైన్ నంబర్లతో చెప్పకండి. ఫైలు మొదట్లో ఎవరైనా ఒక ఇంపోర్ట్ చేర్చితే నంబర్లు జరిగిపోయి పేజీలో సగం ఫంక్షనే కనిపిస్తుంది, దాన్ని ఏ టెస్టూ పట్టుకోదు. కోడ్‌లో కామెంట్ గుర్తులు పెట్టి, స్టార్ట్-ఆఫ్టర్, ఎండ్-బిఫోర్ ఆప్షన్లు వాడండి.

ప్రశ్న: కోడ్ సరిగ్గానే ఉంది. అయినా డాక్‌టెస్ట్ ఒకసారి పాసవుతుంది, ఒకసారి ఫెయిలవుతుంది. ఎందుకు? – ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: స్ట్రింగులున్న సెట్‌ను నేరుగా చూపిస్తున్నారేమో చూడండి. పైథాన్ 3.3 నుంచి స్ట్రింగుల హ్యాష్ ప్రతి రన్‌కూ మారుతుంది, దానితో సెట్ వరసా మారుతుంది. సార్టెడ్‌లో పెట్టి చూపించండి. ఆబ్జెక్ట్ మెమరీ అడ్రస్ కనిపించే చోట ఎలిప్సిస్ ఆప్షన్ పెట్టి మూడు చుక్కలు రాయండి, ఆ చోట ఏమున్నా సరేనని అర్థం. దశాంశాలను రౌండ్ చేయండి. స్కిప్ పెట్టడం మాత్రం మందు కాదు. అలా వదిలేసిన ఉదాహరణే మొదట పాతబడుతుంది.

ప్రశ్న: టెస్టులన్నీ పాసవుతున్నాయి. ఇప్పుడు రన్ బటన్ పెట్టాలనుకుంటున్నాం. కోడ్‌ను బ్రౌజర్‌లో నడపాలా, మా సర్వర్‌లోనా? – ఒక స్టార్టప్ బృందం, హైదరాబాద్

జవాబు: డేటాబేస్ కనెక్షన్లు, మామూలు సాకెట్లు అక్కర్లేకపోతే బ్రౌజరే నయం. పయోడైడ్ అంటే బ్రౌజర్లు నడపగల వెబ్ అసెంబ్లీ రూపంలోకి కంపైల్ చేసిన సీపైథాన్ (మనం మామూలుగా వాడే పైథాన్). ఎవరి కోడ్ వారి ట్యాబ్‌లోనే నడుస్తుంది కాబట్టి మీ సర్వర్‌కు ప్రమాదం లేదు. డౌన్‌లోడ్ మెగాబైట్లలో ఉంటుంది, కాబట్టి పేజీ తెరవగానే కాక బటన్ నొక్కాకే లోడ్ చేయండి. తప్పనిసరిగా వెబ్ వర్కర్‌లో, అంటే పేజీకి విడిగా వెనకాల నడిచే థ్రెడ్‌లో, నడపండి. మెయిన్ థ్రెడ్‌లో నడిపితే ఆగని లూప్ ఒక్కటి చాలు, ట్యాబ్ మొత్తం బిగుసుకుపోతుంది. ‘స్టాప్’ నొక్కినప్పుడు వర్కర్‌ను టెర్మినేట్ చేసి కొత్తది మొదలుపెట్టడం తేలిక. అయితే అంతకుముందటి వేరియబుల్స్ పోతాయి, ఆ సంగతి బటన్ దగ్గరే రాయండి.

ఎక్కువమంది తప్పటడుగు వేసేది వెర్షన్ల దగ్గర. పయోడైడ్ వెర్షన్ నంబర్ కచ్చితంగా ఇవ్వండి. మీ లైబ్రరీ వీల్ ఫైలును (ఇన్‌స్టాల్‌కు సిద్ధంగా ఉన్న ప్యాకేజీని) డాక్యుమెంటేషన్ తయారైన కమిట్ నుంచే బిల్డ్ చేసి, ఆ పేజీల పక్కనే ఉంచి, పయోడైడ్ ఇన్‌స్టాలర్ మైక్రోపిప్‌తో దాన్నే ఇన్‌స్టాల్ చేయండి. లేదంటే కొత్త వెర్షన్ పేజీలో పాత లైబ్రరీ నడుస్తుంది. లైబ్రరీలో సీ ఎక్స్‌టెన్షన్ ఉంటే మామూలు వీల్ పనికిరాదు, పయోడైడ్ కోసం విడిగా బిల్డ్ చేయాలి.

సర్వర్ తప్పదనుకుంటే ప్రతి రన్‌కూ డాకర్ లాంటి సాధనంతో కొత్త కంటెయినర్ (మిగతావాటి నుంచి వేరుచేసిన గది లాంటిది) ఇవ్వండి: నెట్‌వర్క్ లేకుండా, ఫైల్ సిస్టమ్ రీడ్-ఓన్లీగా, మెమరీ 256 ఎంబీ, ప్రాసెస్‌లు 64, గడువు 10 సెకన్లు. ఈ అంకెలతో మొదలుపెట్టి అవసరాన్ని బట్టి మార్చుకోండి. డేటాబేస్ చూపించాలంటే దాన్నీ ఆ కంటెయినర్ లోపలే పెట్టండి. గడువు దాటితే కంటెయినర్‌నే చంపాలి. డాకర్ రన్ కమాండ్‌ను మాత్రం చంపితే లోపలి కోడ్ నడుస్తూనే ఉండొచ్చు. కంటెయినర్లన్నీ ఒకే కెర్నల్‌ను (ఆపరేటింగ్ సిస్టమ్ మూల భాగాన్ని) పంచుకుంటాయి, కనుక అపరిచితుల కోడ్‌కు జీవైజర్ లాంటి అదనపు అడ్డుగోడ ఉండాలి. గో భాష కోడ్‌ను నడిపి చూసే సైటు గో ప్లేగ్రౌండ్ అదే వాడుతుంది. అక్కడ గడియారం ఎప్పుడూ 2009 నవంబర్ 10 రాత్రి 11 గంటల దగ్గరే మొదలవుతుంది. సమయంతో ఫలితం మారదు కాబట్టి ఒకసారి వచ్చిన ఫలితాన్ని దాచి మళ్లీ ఇవ్వగలుగుతుంది. మీరూ ఇలాంటి ఏర్పాటు చేసుకుంటే సర్వర్ ఖర్చు బాగా తగ్గుతుంది.

ప్రశ్న: గో భాషలో ఎగ్జాంపుల్ ఫంక్షన్ రాశాను. ఫలితం తప్పుగా వస్తున్నా టెస్ట్ ఫెయిల్ కావడం లేదు. – ఒక విద్యార్థి, కాకినాడ

జవాబు: ఫంక్షన్ చివర ‘అవుట్‌పుట్’ కామెంట్ ఉండాలి. లేకపోతే గో దాన్ని కంపైల్ చేస్తుంది, నడపదు.

ప్రశ్న: తెలుగు స్ట్రింగులున్న ఉదాహరణల ఫైలు లైనక్స్‌లో పాసవుతుంది. సహోద్యోగి విండోస్‌లో మాత్రం డీకోడ్ ఎర్రర్. – ఒక పాఠకురాలు, డల్లాస్

జవాబు: మీ కోడ్ ఆ ఫైలును ఓపెన్ ఫంక్షన్‌తో తెరుస్తోందేమో చూడండి. ఎన్‌కోడింగ్ (అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి) చెప్పకపోతే పైథాన్ 3.14 వరకు ఆ ఫంక్షన్ ఫైలును సిస్టమ్ ఎన్‌కోడింగ్‌తో తెరుస్తుంది. అమెరికా విండోస్‌లో అది సాధారణంగా సీపీ1252. మన కొమ్ము యూటీఎఫ్-8లో మూడు బైట్లు, వాటిలో చివరిది హెక్సాడెసిమల్‌లో 81. సీపీ1252లో ఆ బైటుకు అక్షరమే లేదు, అందుకే ‘తెలుగు’ అన్న మాట దగ్గరే ఆగిపోతుంది. ఓపెన్ ఫంక్షన్‌కు ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని ఇవ్వండి, లేదా పైథాన్‌యూటీఎఫ్8 ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ను 1గా పెట్టండి. స్ట్రింగ్ పొడవు చూపే ఉదాహరణ ఉంటే ఒక వివరణా చేర్చండి: ‘తెలుగు’కు పైథాన్ 6 అంటుంది, ఎందుకంటే అది గుణింతపు గుర్తులను విడిగా లెక్కిస్తుంది. ఆ వాక్యం లేకపోతే చదివేవారు మీ ఉదాహరణ తప్పనుకుంటారు.