అనువాదం అయ్యేదాకా ఆగాలా?

ప్రశ్న: నా ఆవిష్కరణ వివరాలన్నీ మాతృభాషలోనే రాసుకున్నాను. ఇంగ్లీషు అనువాదం పూర్తయ్యేదాకా పేటెంట్ దరఖాస్తు ఆపాలా? ఈలోగా ఇంకెవరైనా వేసేస్తారేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: అన్నిచోట్లా ఆగక్కర్లేదండీ. యూరోపియన్ పేటెంట్ ఆఫీసు ఏ భాషలో వేసినా తీసుకుంటుంది, కాకపోతే దాఖలు చేసిన 2 నెలల్లోపు ఇంగ్లీషు, ఫ్రెంచి, జర్మన్‌లలో ఏదో ఒకదానిలోకి అనువాదం ఇవ్వాలి, లేదంటే దరఖాస్తు వెనక్కి తీసుకున్నట్టే లెక్క. అమెరికాలోనూ వేరే భాషలో వేసి దాఖలు తేదీ దక్కించుకోవచ్చు. అనువాదం, అది సరైనదేనన్న ప్రకటన, అదనపు ఫీజు తర్వాత ఇవ్వొచ్చు. అసలు జాగ్రత్తంతా మూలం (మీ భాషలో మొదట దాఖలు చేసిన ప్రతి) దగ్గరే. అనువాదంలో తప్పు దొర్లితే మూలాన్ని చూపించి దిద్దుకోవచ్చు గానీ, మూలంలో లేని సాంకేతిక వివరాన్ని తర్వాత చేర్చనివ్వరు. అందుకే మీకు బాగా పట్టున్న భాషలోనే, చిన్న భాగం కూడా వదలకుండా రాయండి.