వీల్ నట్టు కొనే ముందు

చిత్తూరు

చిరంజీవి చిన్నోడికి, మీ పెద్దనాయన ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫోటోలు పెద్దవి చేసి చూశాను. నీ మారుతీ డిజైర్ కుడివైపు ముందు చక్రానికి మూడు నట్లు ఒక రకం, నాలుగోది వేరే రకం. మూడింటికి తల మూసి ఉంది. నాలుగోది తెరిచిన నట్టు, కింద వాషర్ కూడా కనిపిస్తోంది. పంక్చర్ అంగడాయన డబ్బాలో వెతికి వేశాడు, గట్టిగానే బిగిసింది అని రాశావు. గట్టిగా బిగిసిందన్న ఆ మాట దగ్గరే నాకు టెన్షన్ పట్టుకుంది. నట్టు బిగిసినంత మాత్రాన చక్రాన్ని పట్టుకున్నట్టు కాదు. తిరుమల కొండకూ కాణిపాకానికీ ట్రిప్పులు మొదలుపెడతానంటున్నావు. వెనక కూర్చునేది పిల్లాపాపలతో వచ్చే జనం. ఆ నట్టు మార్చేదాకా బండి బయటికి తీయొద్దు.

ముందు మర సంగతి, అంటే నట్టు లోపల చుట్లుచుట్లుగా ఉండే గాడి సంగతి, చెబుతాను. నీ బండి స్టడ్, అంటే నట్టు ఎక్కే బోల్టు, 12 మిల్లీమీటర్ల లావు, మరకూ మరకూ మధ్య 1.25 మిల్లీమీటర్లు. అంగట్లో ‘పన్నెండు, ఒకటింపావు’ అని అడుగు. హ్యుందాయ్, కియా, టయోటా, హోండా కార్లకు మామూలుగా ‘పన్నెండు, ఒకటిన్నర’ వస్తుంది. లావు ఒకటే కాబట్టి పక్కపక్కన పెట్టినా తేడా కంటికి ఆనదు. పైగా హోండా నట్టుకు పట్టేదీ 19 స్పానరే, మారుతీ నట్టుకు పట్టేదీ అదే. స్పానర్ పట్టిందంటే నట్టు మనదే అనుకుని చాలామంది అక్కడే మోసపోతారు. స్పానర్ పట్టేది నట్టు తలను. లోపలి మర సంగతి స్పానర్‌కేం తెలుస్తుంది?

ఒకటిన్నర నట్టును ఒకటింపావు స్టడ్ మీద పెడితే ఒకటి రెండు చుట్లు తిరిగి పట్టేస్తుంది. తుప్పేమోలే అనుకుని స్పానర్‌తో తోశావంటే నట్టు దారి చేసుకుంటూ పోతుంది, స్టడ్ మరను కోసేస్తుంది. తర్వాత సరైన నట్టు తెచ్చినా ఆ స్టడ్ పనికిరాదు.

దానికన్నా ప్రమాదం, తేలిగ్గా ఎక్కే తప్పుడు నట్టు. పాత జీపుల నట్లు అర అంగుళం లావు, అంగుళానికి 20 మరలు. లెక్క కడితే మరకూ మరకూ మధ్య 1.27 మిల్లీమీటర్లు. మన 1.25కు ఎంత దగ్గరో చూడు. కానీ అర అంగుళమంటే 12.7 మిల్లీమీటర్లు, మన స్టడ్ 12. అందుకని ఆ నట్టు మన స్టడ్ మీద సర్రున తిరిగిపోతుంది. స్పానర్ వేస్తే బిగిసినట్టే ఉంటుంది. లోపల మాత్రం మరల కొసలు కొసల్ని పట్టుకుని ఉంటాయంతే. రోడ్డు మీద బరువు పడ్డాక ఆ కొసలు తెగి నట్టు మొత్తంగా జారిపోతుంది. ఎదురుతిరిగి పట్టేసే నట్టు కనీసం తను తప్పని చెబుతుంది, ఇది ఆ మాటా చెప్పదు. పంక్చర్ అంగళ్ల డబ్బాల్లో ఏ బండివో తెలియని నట్లు అన్నీ కలిసి ఉంటాయి కాబట్టి ఇంత వివరంగా రాస్తున్నాను.

కనుక్కోవడం కష్టమేం కాదు. స్టడ్‌ను కిరోసిన్ గుడ్డతో, ఇనుప బ్రష్‌తో శుభ్రం చేసి, ఆరాక నట్టును వేళ్లతోనే తిప్పు. చక్రం దాకా వేళ్లతోనే పోవాలి. సగం దాకా పోయాక నట్టును పట్టుకుని అటూఇటూ ఊపు. సరైన నట్టుకు రవ్వంత ఆట ఉంటుంది, లొడలొడా ఊగదు. ఇంకా అనుమానముంటే స్టడ్ పక్కన స్కేలు పెట్టి చూడు. సెంటీమీటరుకు ఎనిమిది మరలు వస్తే ఒకటింపావు. ఎనిమిది మరలకు 12 మిల్లీమీటర్లు పడితే ఒకటిన్నర. మరల మధ్య దూరం కొలిచే పిచ్ గేజ్ ఉన్న లేత్ అంగడికి పోతే చిటికెలో చెప్పేస్తారు.

మర కుదిరితే సగం పనే అయింది. మిగతా సగం నట్టు కూర్చునే చోటు. తొందరలో ఎవరూ చూడనిది ఇదే. మీ అల్లాయ్ వీల్‌లో నట్టు దిగే గుంటను టార్చి వేసి చూడు. గరాటులా ఏటవాలుగా ఉంటే దానికి గరాటులాగే సన్నబడే కోసు మూతి నట్టే కావాలి. హోండా కంపెనీ చక్రాల్లో ఆ గుంట గిన్నె అడుగులా గుండ్రంగా ఉంటుంది, నట్టు మూతి కూడా గుండ్రమే. టయోటా అల్లాయ్‌లకు కొన్నింటికి పొడుగు మెడ, బల్లపరుపు వాషర్ ఉన్న నట్లు వస్తాయి. ఒకదాని గుంటలో ఇంకోదాని నట్టు వేస్తే బిగించేటప్పుడు ఏమీ తెలియదు. చేతికి గట్టిగానే తగులుతుంది. కానీ నట్టుకూ చక్రానికీ మధ్య సన్నని గీత మేరకే ఆనుడు ఉంటుంది. పోనుపోను ఆ గీత దగ్గర లోహం అణిగిపోతుంది, బిగుతు వదులవుతుంది, చక్రం స్టడ్ల మీద కదలడం మొదలవుతుంది.

నీ నాలుగో నట్టు కింద వాషర్ ఉందన్నాను కదా, నా భయం అదే. ఏటవాలు గుంట మీద బల్లపరుపు వాషర్ అంచుల మీద మాత్రమే నిలుస్తుంది. ఆ నట్టు విప్పినప్పుడు గుంటను ఒకసారి చూడు. సరైన నట్టు కూర్చున్న గుంటలో చుట్టూరా వెడల్పాటి మెరుపు పట్టీ ఉంటుంది, మిగిలిన మూడింటి దగ్గర నీకే కనిపిస్తుంది. తప్పు నట్టయితే సన్నని మెరుపు గీత, లేదా ఒక పక్కన మాత్రమే ఒరిపిడి ఉంటుంది. గుంట కోడిగుడ్డులా సాగి ఉంటే మాత్రం నట్టు మార్చి లాభం లేదు, ఆ చక్రాన్నే పక్కన పెట్టాలి. ఆ ఫోటో కూడా పంపు.

ఇక నట్టు పొడవు. మూసిన తల నట్టు లోతు తక్కువై, స్టడ్ పొడవెక్కువైతే స్టడ్ కొస పోయి నట్టు పైకప్పుకు తగులుతుంది. చేతికి బిగిసినట్టే ఉంటుంది, చక్రం మాత్రం వదులు. మరీ పొట్టిదైతే పట్టుకునే మరలు చాలవు. స్టడ్ ఎంత లావో కనీసం అంత మేర నట్టు లోపలికి దిగాలి. నీ స్టడ్‌కు అది దాదాపు పది చుట్లు. చక్రానికి ఆనే ముందు ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టుకో.

కొనేటప్పుడు ఆర్‌సీ జిరాక్స్ తీసుకుని కంపెనీ స్పేర్ పార్ట్స్ కౌంటర్‌కే పో. రేణిగుంట రోడ్డు వైపు ఎటూ తిరుగుతూనే ఉంటావు. చాసిస్ నంబరు చెబితే వాళ్లు కంప్యూటర్‌లో చూసి ఇస్తారు. అయితే ఒక జాగ్రత్త. ఆ అల్లాయ్‌లు కంపెనీవి కావు, నీకు బండి అమ్మినాయన బయట వేయించినవి. చాసిస్ నంబరు మర వరకే గ్యారంటీ. గుంట ఆకారం చక్రాన్ని బట్టి ఉంటుంది కాబట్టి కళ్లతో చూసే కొనాలి. బండి నీడలో నిలబెట్టి, బాగున్న మూడింటిలో ఒకటి విప్పి చేతిలో పట్టుకుని పో. బండిని మాత్రం కదిలించొద్దు. బైక్ మీద పో, లేదా ఆటోలో పో. ఒక్కటి కాదు, రెండు మూడు ఎక్కువే కొను. నట్టు రేటు పెద్దదేం కాదు, రాత్రిపూట చంద్రగిరి దాటాక దొరకనిది అదే.

మెరిసే స్టీలు తొడుగున్న నట్లు చూసి ముచ్చటపడొద్దు. పలచని రేకు తొడిగిన రకంలో నీళ్లు దూరి, లోపల తుప్పు పట్టి, తొడుగు ఉబ్బుతుంది. అప్పుడు 19 స్పానర్ దూరదు, 20 వేస్తే జారుతుంది. అర్ధరాత్రి పంక్చరైతే చక్రం ఊడదీయలేక నిలబడిపోతావు. ఒకే ముక్కలో చేసిన నట్టు అడుగు.

స్టడ్ మర చెడిందని తేలితే దాని మీద ఇంకో సైజు మర కోయించడం, నట్టును వెల్డింగ్ పెట్టించడం లాంటివి ఎవరు చెప్పినా వినొద్దు. స్టడ్ మార్చించు. స్టడ్ వెనకవైపు పళ్ల లాంటి గీతలుంటాయి, అవే హబ్బులో, అంటే చక్రాన్ని తగిలించే ఇరుసు కొసలో, పట్టుకునేవి. ఆ భాగం లావు కూడా కలవాలి కాబట్టి స్టడ్‌ను కూడా చాసిస్ నంబరు మీదే కొనాలి.

బిగించే పద్ధతి నీకు తెలిసిందే అయినా రాస్తున్నాను. నాలుగూ వేళ్లతో ఎక్కించు, తర్వాత ఎదురెదురు నట్లను కొంచెం కొంచెంగా బిగించు, జాకీ దించాక చివరి బిగింపు. మరకు గ్రీజు, ఆయిల్ పూయొద్దు. పూస్తే అదే బలానికి నట్టు ఎక్కువ దూరం తిరిగి స్టడ్ సాగుతుంది. మారుతీ చిన్న కార్లకు మోడల్‌ను బట్టి మాన్యువల్‌లో బిగింపు బలం 85 అనో, 100 న్యూటన్ మీటర్లనో ఉంటుంది. నీ పుస్తకంలో ఎంతుందో చూసి ఆ బలాన్ని కొలిచి చూపే టార్క్ రించితో అంతే బిగించు. గాలి గన్నుతో చివరిదాకా బిగిస్తామంటే వద్దను, చేతి స్పానర్‌తో వేయమను. స్పానర్ మీదెక్కి తొక్కేవాళ్లుంటారు, వాళ్లనూ ఆపు.

కొత్త నట్లు వేశాక 50 నుంచి 100 కిలోమీటర్ల లోపు మళ్లీ చూడాలి. మన ఊళ్లకు అది సరిగ్గా కుదురుతుంది. తిరుపతిలో వేయించి చిత్తూరు వచ్చావంటే ఇంటి ముందే, చక్రాలు చల్లారాక, రించి పెట్టి చూడొచ్చు. అది చూశాకే కొండ ట్రిప్పు ఒప్పుకో. దిగే దారి 1944 నాటి పాత ఘాట్ రోడ్డు, మలుపు మీద మలుపు. ఎక్కేది 1974లో వేసిన రెండో రోడ్డు. ఎక్కేటప్పుడు ఇంజిన్‌కు పని, దిగేటప్పుడు బ్రేకులకూ చక్రాలకూ పని. బ్రేకుల వేడి హబ్బుకు, అక్కడి నుంచి స్టడ్లకు పోతుంది. ప్రతి మలుపులో బండి బరువంతా బయటి చక్రాల మీదికి ఒరుగుతుంది. నాలుగు నట్ల చక్రానికి ఒకటి పనిచేయకపోతే మిగిలిన మూడు ఆ బరువంతా మోయాలి. మొగిలి ఘాట్‌లో దిగేటప్పుడూ అంతే. దారిలో చక్రం దగ్గర టకటకమని చప్పుడొచ్చినా, స్టీరింగ్ కొత్తగా వణికినా, నట్టు చుట్టూ తుప్పు నీళ్ల చారలు కనిపించినా అక్కడే పక్కకు తీసి చూడు. టైం అయిపోతోందని ప్యాసింజర్లు గొడవ పెడతారు, పెట్టనీ.

స్టెప్నీ సంగతి మరవొద్దు. నీ స్టెప్నీ ఇనుప డిస్కు, పైన ఉన్నవి అల్లాయ్‌లు. ఇప్పుడున్న నట్లు ఇనుప డిస్కులో సరిగ్గా కూర్చుంటాయో లేదో ఇంటి దగ్గరే ఒకసారి బిగించి చూడు. కుదరకపోతే దానికి కావలసిన నాలుగు నట్లు గుడ్డలో చుట్టి డిక్కీలో జాకీ పక్కన పెట్టు. అమ్మినాయన లాక్ నట్లు (ప్రత్యేక తాళంతోనే విప్పేవి) వాడి ఉంటే వాటి తాళం ఎక్కడ పెట్టాడో ఫోన్ చేసి అడుగు.

శనివారం నేను ఇంట్లోనే ఉంటాను. నట్టు దొరికితే వేయించుకుని రా, నా రించితో చూద్దాం. దొరకకపోతే బండి అక్కడే వదిలి, చాసిస్ నంబరూ గుంట ఫోటో పంపి, బస్సులో రా. ఇక్కడి కౌంటర్‌లో నేను అడిగి పెడతాను. మీ పెద్దమ్మ నిన్ను అడుగుతూనే ఉంది.

మీ పెద్దనాయన