సర్వే నంబరు పట్టుకొని నడువమ్మా

చి. మాధవికి, పెదనాన్న ఆశీర్వదించి రాయునది.

రైతు కుటుంబాల అప్పుల మీద నువ్వు చేయబోయే పరిశోధనకి రాసి పంపిన సినాప్సిస్ చదివాను. చదువు అప్పు ఒక అధ్యాయం, ఇంటి అప్పు ఇంకొకటి, పంట అప్పు మరొకటి, ఆఖర్న బ్యాంకులూ ఫైనాన్సు కంపెనీలూ కలిపి నాలుగోది. మీ గైడు గారికి నచ్చుతుంది, కమిటీకీ నచ్చుతుంది. నాకు మాత్రం నచ్చలేదు. ఊళ్లో ఏ ఇంట్లోనూ అప్పు అలా నాలుగు గదుల్లో విడివిడిగా కూర్చోదు. పంట రుణమని తెచ్చింది కొడుకు ఇంజనీరింగ్ ఫీజుకి పోతుంది. డ్వాక్రా గ్రూపులో తీసుకున్నది ఎరువుల కొట్లో జమవుతుంది. ఇంటికి స్లాబు వేస్తున్నామని తెచ్చింది కూతురి కట్నం బాకీ తీరుస్తుంది.

ఇంటింటికీ తిరిగి లెక్కలు తీసే కేంద్ర ప్రభుత్వ నేషనల్ శాంపిల్ సర్వేలో పనిచేసినన్నాళ్లూ పల్నాడులో, నల్గొండలో ఇలాంటి ఫారాలే నింపాను. అప్పు ఎందుకు తీసుకున్నారు అని ఒక గడి ఉండేది, దానికో కోడు. 77వ రౌండులో, అంటే 2019లో జరిగిన సర్వేలో, దేశం మొత్తమ్మీద రైతు కుటుంబాల అప్పులో సాగు కోసం తెచ్చింది 57.5 శాతమే అని తేలింది. పేపర్లవాళ్లు దాన్ని బాగా పట్టుకున్నారు. కానీ అది రైతు నోటితో చెప్పిన కారణం తాలూకు లెక్క. డబ్బు వెళ్లి తేలిన చోటు తాలూకు లెక్క వేరే ఉంటుంది. ఆ రెండో లెక్క నీలాంటి వాళ్లు తీరిగ్గా తీయాల్సిందే, సర్కారీ ఫారంతో అయ్యే పని కాదు.

అందుకని నేను చెప్పేదేమిటంటే, అధ్యాయాల సంగతి తర్వాత చూసుకో, ముందు ఒక ఊరు తీసుకో. ఆ ఊళ్లో ఓ ముప్ఫై సర్వే నంబర్లు ఎంచుకో. ఇళ్లు కాదు, పొలాలు. ఆ పొలాన్ని చూపించి ఆ ఏడాది ఎవరెవరు ఎక్కడ, ఏ వడ్డీకి అప్పు తెచ్చారో, ఆ డబ్బు ఎటు పోయిందో ఒక్కో నంబరుకి ఒక్కో కాగితం మీద రాయి.

మూడెకరాల మిరప చేను అనుకో. పట్టాదారు హైదరాబాదులో ఉంటాడు. పాసుపుస్తకం ఆయనది కాబట్టి కిసాన్ క్రెడిట్ కార్డూ ఆయనదే. మూడు లక్షల దాకా 7 శాతానికి ఇస్తారు, గడువులోగా కడితే కేంద్రం 3 శాతం తగ్గిస్తుంది, చేతికి పడేది 4 శాతం. ఆ డబ్బు ఫ్లాటు అడ్వాన్సుకి పోతుంది, లేదా అమ్మాయి అమెరికా ప్రయాణానికి పోతుంది. అదే చేలో నారు నాటే కౌలుదారు నూటికి రెండు రూపాయల వడ్డీకి, అంటే ఏడాదికి 24 శాతానికి, బయట తెస్తాడు. మూడు రూపాయలకి తెచ్చేవాళ్లూ ఉన్నారు. మిరప, పత్తి వేసే ఊళ్లలో కౌలు చాలాచోట్ల ముందే కట్టాలి. కాబట్టి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన డబ్బులో పెద్ద ముక్క నేరుగా పట్టాదారు చేతికి వెళుతుంది. ఆయన దాంతోనే బ్యాంకు బాకీ గడువులోగా కట్టేసి 3 శాతం రాయితీ తీసుకున్నాడనుకో, బ్యాంకు దృష్టిలో అది సకాలంలో తీరిన మంచి పంట రుణం. చేను ఒకటే, అప్పులు రెండు, ఒకదాన్ని రెండోది తీరుస్తోంది. ఇది ఇల్లు, చదువు, సేద్యం, ఫైనాన్సు, నాలుగూనూ. నీ అధ్యాయాల ప్రకారం దీన్ని ఎక్కడ రాస్తావు చెప్పు?

ఈ ముడి ప్రభుత్వాలకి తెలియక కాదు. 2011లో ఉమ్మడి రాష్ట్రంలో చట్టం చేసి కౌలుదార్లకి రుణ అర్హత కార్డులు ఇచ్చారు. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో ఇంకో చట్టం వచ్చింది, పంట సాగుదారు హక్కు పత్రం పేరుతో, పదకొండు నెలల గడువుతో. దానికి యజమాని ఒప్పుకొని సంతకం పెట్టాలి. పెడితే రేపు కౌలుదారు పొలం మీద హక్కు అడుగుతాడేమోనని ఆయనకి భయం. నాకు తెలిసి అంతకంటే గట్టి కారణం ఇంకోటుంది. అదే నంబరు మీద పట్టాదారు రుణం అప్పటికే నడుస్తుంటే, కార్డు చూపించినా మేనేజరు వెనకాడతాడు. నీ ముప్ఫై నంబర్లలో ఇలాంటివి ఎన్ని ఉన్నాయో తీశావంటే, అదొక్కటే పేపరుగా నిలబడుతుంది. వీలైతే కృష్ణకి ఇవతల ఒక ఊరు, అవతల నల్గొండ వైపు ఒక ఊరు తీసుకో. అక్కడ 2018లో మొదలైన రైతుబంధు పెట్టుబడి సాయం పట్టాదారుకే పడింది, కౌలుదారుకి కాదు. కౌలు రేటు మీద దాని ప్రభావం ఏమిటో ఊళ్లో అడిగితే బాగా చెబుతారు.

వడ్డీ సంగతికి వద్దాం. వడ్డీ ఎంత అని అడిగితే రెండు రూపాయలంటారు, నువ్వు 24 శాతం అని రాసుకొని వచ్చేస్తావు. పురుగుమందుల కొట్టు దగ్గర ఆ లెక్క చెల్లదు. రొక్కానికి వెయ్యి రూపాయలయ్యే సీసా అరువుకి పదకొండొందలు అనుకో. ఆ పదకొండొందల మీద రెండు రూపాయల లెక్కన ఆరు నెలలకి 132. పంట వచ్చాక కట్టేది 1,232. వెయ్యి సరుకు మీద ఆరు నెలల్లో 232 అంటే ఏడాదికి 46 శాతం దాటింది, ఇంచుమించు నాలుగు రూపాయల వడ్డీ. పైగా సరుకు ఆ కొట్టాయన చెప్పిన చోటే అమ్మాలి. బయట ధర కంటే క్వింటాలుకి రెండొందలు తగ్గినా, తరుగు పేరుతో ఒకటి రెండు కిలోలు పోయినా అదీ వడ్డీ కిందే కట్టు. కాబట్టి ప్రశ్నావళిలో వడ్డీ రేటు అని ఒక్క గడి పెట్టకు. రొక్కం ధర, అరువు ధర, ఎన్నాళ్లకి కట్టారు, పంట ఎవరికి వేశారు, ఆ రోజు యార్డులో ధర ఎంత, ఇవి విడివిడిగా అడిగి వడ్డీ నువ్వే కట్టుకో. రైతుకి ఈ లెక్క రాదనుకోకు. వేలి కణుపుల మీద నీకంటే వేగంగా కడతాడు. వేరే దారి లేక ఒప్పుకుంటాడు, అంతే.

బ్యాంకు అంకెల దగ్గర కూడా ఒళ్లు దగ్గర పెట్టుకో. ఏటా రాష్ట్రస్థాయి బ్యాంకర్ల సమితి పంట రుణాల పంపిణీ అంకెలు ఇస్తుంది. అందులో చాలా భాగం పాత బాకీ తిరగరాయడమే. రైతు ఊళ్లో ఎవరి దగ్గరో నాలుగు రోజులకి డబ్బు తెచ్చి, బ్యాంకులో కట్టి, మళ్లీ అంతే మొత్తమో కాస్త ఎక్కువో రాయించుకొని, తెచ్చిన చోట తిరిగి ఇచ్చేస్తాడు. ఆ నాలుగు రోజులకి వేరే రేటు ఉంటుంది, అది తప్పకుండా అడుగు. లెక్కల్లో కొత్త రుణం పెరుగుతుంది, ఊళ్లోకి కొత్త రూపాయి రాదు. ప్రోనోట్లు కూడా అంతే. మూడేళ్లు దాటితే కోర్టులో చెల్లదు కాబట్టి, అసలూ వడ్డీ కలిపి కొత్త నోటు రాయిస్తారు. నీకు చూపించేది కొత్త నోటు. దాని వెనక పాత నోటు ఎంత అని అడగకపోతే, వడ్డీ అంతా అసలుగా నీ టేబుల్లో చేరిపోతుంది.

అడిగే తీరు గురించి నాలుగు ముక్కలు. మా ఫారంలో అప్పు లెక్క ఫలానా జూన్ 30 నాటికి ఎంత అని ఉండేది. ఆ తేదీ ఎవరికి గుర్తుంటుంది? ఆరుద్ర కార్తెలో, విత్తనం పెట్టేముందు, ఎవరికెంత ఇవ్వాలి అంటే టకటకా చెబుతారు. ఉగాదికి, సంక్రాంతికి, పెద్దాడి పెళ్లికి, బోరు వేసిన ఏడాదికి, ఇలా కట్టి అడుగు. ట్యాబు తీసి ముందు పెట్టకు. చిన్న నోటుపుస్తకం చాలు. వీఆర్వో వెంట గానీ, బ్యాంకు వాళ్ల వెంట గానీ ఊళ్లోకి వెళ్లకు. రుణమాఫీ మాట గాలిలో ఉన్నప్పుడు అసలే వెళ్లకు, ఎవరూ అప్పు ఉన్నది ఉన్నట్టు చెప్పరు. నా చేతిలో ఏమీ లేదు, ఏమీ ఇప్పించలేను అని మొదటి రోజే చెప్పెయ్. నువ్వు అడిగినవన్నీ ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి మోయకు. పక్కింటివాళ్లు ఎంత చెప్పారు అని అడుగుతారు, నవ్వి ఊరుకో. పేర్లు ఒక పుస్తకంలో, లెక్కలు ఇంకో పుస్తకంలో పెట్టుకో.

ఆడవాళ్లతో విడిగా మాట్లాడు. ఈ పని నీకు సులువు, మాకు దొరకని వెసులుబాటు అది. గ్రూపు పుస్తకం, చీటీపాట, చేబదుళ్లు ఆవిడకే తెలుసు. బంగారం ఎక్కడుందని మాత్రం అడగవద్దు, పోలీసువాళ్లు అడిగినట్టుంటుంది. మెళ్లో గొలుసు లేకుండా పసుపుతాడుకే పుస్తెలు ఉన్నాయంటే, చాలాసార్లు గొలుసు బ్యాంకులో ఉన్నట్టే. కాస్త చనువయ్యాక ఆవిడే చీటీ తెచ్చి చూపిస్తుంది. ఆ చీటీ మీద వ్యవసాయ బంగారు రుణం అని ఉంటుంది. ఎందుకు పెట్టారమ్మా అంటే ఫీజు రీయింబర్స్‌మెంటు రాలేదు, కాలేజీవాళ్లు సర్టిఫికెట్లు ఇవ్వనన్నారు అంటుంది. ఇది చదువు అప్పు అని ఏ లెక్కలోనూ రాదు. నీ కాగితంలో రావాలి.

ఆత్మహత్య జరిగిన ఇంటికి ఫారంతో వెళ్లవద్దు. వెళితే కూర్చొని రా, అంతే. 2004లో వచ్చిన 421 జీవో కింద కుటుంబానికి లక్ష, అప్పులవాళ్లకి సర్దుబాటు చేయడానికి యాభై వేలు ఇచ్చేవారు. అందుకోసం అప్పు కాగితాల కోసం ఆ ఇళ్లవాళ్లు ఎన్ని గడపలు ఎక్కారో నాకు తెలుసు. నోటిమాట మీద ఇచ్చిన అప్పుకి కాగితం ఎక్కణ్ణుంచి వస్తుంది? మళ్లీ నువ్వు వెళ్లి అదే అడిగితే బాగుండదు.

అంకెల మాట ఒకటి. ఆంధ్రప్రదేశ్‌లో 93.2 శాతం, తెలంగాణలో 91.7 శాతం రైతు కుటుంబాలు అప్పుల్లో ఉన్నాయని ఆ 77వ రౌండు చెప్పింది. దేశం సగటు 50.2. ఆంధ్రలో సగటు అప్పు 2,45,554 రూపాయలు, దేశంలోకెల్లా ఎక్కువ. దీన్ని మొదటి పేజీలో వేసి కన్నీళ్లు పెట్టించడం తేలిక. మన దగ్గర బ్యాంకు బ్రాంచీలూ గ్రూపులూ ఎక్కువ, పెట్టుబడి పంటలూ ఎక్కువ, అందుకే అప్పు కూడా ఎక్కువ. అప్పు పుట్టని రాష్ట్రంలో శాతం తక్కువ ఉంటే అది సుఖం కాదు కదా. అలాగే దేశంలో పల్లె అప్పుల మీద సర్వే చేసిన గోర్వాలా కమిటీ రిపోర్టు తిరగేసి, 1951-52లో రైతులు తెచ్చిన అప్పులో సహకార సంఘాలది 3.1 శాతమే, 2019 నాటికి బ్యాంకుల్లాంటి సంస్థల వాటా 69.6 శాతం అయింది అని రాయబోతావు, అందరూ అదే రాస్తారు. మొదటిది ఒక్క సహకార సంఘాల లెక్క, అదీ ఆ ఏడాది తెచ్చిన అప్పులో; రెండోది సంస్థలన్నిటి లెక్క, ఇంకా తీరని బాకీలో. పక్కపక్కన పెట్టేముందు ఆ మాట చెప్పు. నికల్సన్ అనే ఇంగ్లీషు అధికారి 1895లో మద్రాసు ప్రెసిడెన్సీ గురించి రాసిన రిపోర్టు కూడా వీలుంటే చూడు, పొడుగ్గా ఉంటుంది గానీ మన జిల్లాల షావుకార్ల పద్ధతులు అందులో దొరుకుతాయి. 2004లో రైతుల సంక్షేమం మీద ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం వేసిన జయతీ ఘోష్ కమిషన్ రిపోర్టు మాత్రం తప్పక చదువు, కౌలుదార్ల మాట గట్టిగా చెప్పింది.

సంక్రాంతికి మిరప కోతలు మొదలవుతాయి, బాకీల లెక్కలు ఉగాది దాకా సాగుతాయి. యూనివర్సిటీలో అడిగి ఆ మూడు నెలలు ఊళ్లోనే ఉండేలా చూసుకో. ఈలోగా ప్రశ్నావళి తెలుగులో రాసి పంపు. ఇంగ్లీషులో రాసి అక్కడికక్కడ తెలుగు చేసుకుంటానంటే ఒప్పుకోను, ఒక్కో ఇంట్లో ఒక్కో ప్రశ్న అడిగి వస్తావు. మా పాత ఫారాల నమూనాలు అటక మీద ఉన్నాయి, మీ పెద్దమ్మ దింపనిస్తే జిరాక్సు తీయించి పంపుతాను. ఊరు విషయం నువ్వు తేల్చుకోవద్దు, నేనొక రెండు మూడు పేర్లు అనుకున్నాను, దసరాకి వచ్చినప్పుడు వెళ్లి చూసొద్దాం.

ఇట్లు,
పెదనాన్న