ఆరు పుంజులు వద్దు, మూడు చాలు

అల్లుడా,

పెట్టలు పద్దెనిమిది, పుంజులు ఆరు అని నువ్వు ఫోన్‌లో చెప్పినప్పటి నుంచి నాకు ఆ ఆరు పుంజుల గురించే టెన్షన్‌గా ఉంది. పెట్టల వీపు మీద ఈకలు ఊడిపోతున్నాయని, పొదగేసిన గుడ్లలో సగం పిల్లలు కావడం లేదని అన్నావు. రెండూ ఒక దగ్గరి నుంచే వస్తున్నాయని నా అనుమానం. నాటుకోళ్లలో ఎనిమిది, పది పెట్టలకు ఒక పుంజు సరిపోతుంది. పుంజులు ఎక్కువైతే ఒకటి పెట్టను ఎక్కగానే ఇంకోటి ఉరికొచ్చి తన్ని దించుతుంది. పెట్టలకు గాయాలే మిగులుతాయి, గుడ్లు వట్టివే అవుతాయి.

అందుకని పనిచేసే పుంజులు రెండు, అవసరానికి చేతిలో ఇంకొకటి. మిగతా మూడింటిని అమ్మెయ్యి.

ఏ మూడింటిని అమ్మాలన్నదే అసలు సంగతి. దసరా వస్తే, బోనాలు వస్తే, రెండేళ్లకోసారి మేడారం జాతర వస్తే పుంజులకు గిరాకీ పెరుగుతుంది. వచ్చినవాళ్లు అన్నిటికన్నా బరువైనదాన్నే చూపించి అడుగుతారు, మంచి ధర కూడా పెడతారు. ఊళ్లలో చాలామంది అక్కడే లొంగిపోతారు. పెద్దది పోయాక మిగిలిన బక్క పుంజే మందకు తండ్రి అవుతుంది. నాలుగైదేళ్లు ఇట్లనే నడిస్తే కోళ్లు చిన్నగైపోతాయి, ఎందుకో ఎవరికీ అర్థం కాదు. కాబట్టి పండుగ రాకముందే నీ మూడు పుంజులను ఏరి, కాళ్లకు రంగు రింగులు వెయ్యి. రింగు ఉన్నది ఎంత ధరకైనా అమ్మేది లేదు.

ఏరేటప్పుడు ఒక్క బరువే చూడకు. రొమ్ము ఎముక నిటారుగా ఉండాలి, వేళ్లు వంకర పోవద్దు, జుట్టు ఎర్రగా, కన్ను చురుగ్గా ఉండాలి. గింజ దొరకగానే తాను మింగకుండా పెట్టలను పిలిచే పుంజు మంచిది. మనుషుల మీదికి, ముఖ్యంగా పిల్లల మీదికి ఎగబడేది ఎంత అందంగా ఉన్నా వద్దు, ఆ గుణం దానికి పుట్టే కోడిపిల్లలకూ వస్తుంది. ఆ పుంజు తల్లి ఎన్ని గుడ్లు పెట్టేది, బాగా పొదిగేదా అన్నది కూడా చూసుకో. వయసు ఏడెనిమిది నెలలు నిండాలి. రెండేళ్లు దాటాక జోరు తగ్గుతుంది. వనరాజా, గ్రామప్రియ పుంజులను మాత్రం విత్తనానికి పెట్టుకోకు. అవి హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థలో రకాలు కలిపి తయారు చేసినవి, వాటి పిల్లలకు ఆ ఎదుగుదల, ఆ గుడ్లు అట్లనే రావు. పందేల కోసం పుంజు అడిగేవాళ్లు వస్తే గుమ్మంలోంచే పంపించెయ్యి. జంతువులను హింసించొద్దని 1960 నుంచి చట్టం ఉంది. చట్టం లేకపోయినా మనం పెంచిన జీవాన్ని కత్తికి ఇయ్యొద్దు.

ఇక గూడు. పెట్టలను తొమ్మిదేసి రెండు భాగాలు చేసి, ఒక్కో భాగానికి ఒక్కో పుంజును విడువు. అప్పుడు ఏ పిల్లకు ఏది తండ్రో తెలుస్తుంది. రెండు దొడ్ల మధ్య ఉత్త జాలి కట్టకు. పుంజులు ఒకదాన్నొకటి చూసుకుంటూ పొద్దంతా జాలి మీద కొట్టుకుంటాయి, జుట్టు చీరుకుంటాయి. కింద రెండున్నర అడుగుల దాకా రేకు గానీ తడిక గానీ వేసి, దాని పైన జాలి కట్టు. మూడో పుంజుకు నాలుగడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉన్న చిన్న గది చాలు, పెట్టలు కనబడని పక్కన కట్టు. ఒకసారి విడదీసిన పుంజులను మళ్లీ కలపకు. కొద్ది రోజులకే కొత్తవాళ్లలా చూసుకుని రక్తాలు వచ్చేదాకా కొట్టుకుంటాయి.

గూడు పొడవు తూర్పు పడమరలుగా ఉంటే ఎండ నేరుగా లోపలికి కొట్టదు. కూర్చునే కర్ర రెండడుగుల ఎత్తు దాటొద్దు. బరువైన పుంజు పైనుంచి దూకి దూకి అరికాలిలో గడ్డ తెచ్చుకుంటుంది. కింద వరి ఊక పొయ్యి, తడిసినచోట వెంటనే తీసెయ్యి. ఒక మూల బూడిద, ఇసుక కలిపి పెడితే పొర్లాడి పేలు వదిలించుకుంటాయి. పిల్లి, ముంగిస దూరకుండా జాలి అంచును జానెడు లోతు మట్టిలో పాతు. కాలి వెనక ముల్లు పొడుగైతే ఆకురాయితో మొన మాత్రం అరగదియ్యి. మొదటికంటా కోస్తే రక్తం ఆగదు.

విడిగా ఉన్న పుంజుకు గుడ్లకోళ్ల దాణా పెట్టకు, అందులో సున్నం ఎక్కువ, దాని మూత్రపిండాలకు మంచిది కాదు. మక్కలు, నూకలు, తౌడు, కొంచెం పల్లి చెక్క పెట్టు. మన వరంగల్ మే ఎండల్లో పుంజుల బీజం పలచబడుతుంది, పొదిగించడం ఆపెయ్యి. కార్తీకం నుంచి ఫిబ్రవరి దాకా పొదిగిస్తే నయం. ఎండాకాలంలో కప్పు మీద వరిగడ్డి, పక్కలకు తడి గోనెలు, రోజుకు రెండు మూడుసార్లు చల్లటి నీళ్లు.

ఒకే నెత్తురు కలవకుండా ఏడాదికో పుంజును వేరే ఊరి నుంచి తెచ్చుకో. సంతలో కొనకు, రాణిఖెత్ అనే కోళ్ల తెగులు అక్కడి నుంచే ఇంటికొస్తుంది. తెచ్చినదాన్ని నెల రోజులు దూరంగా ఉంచి, దాని పని అన్నిటికన్నా ఆఖరున చెయ్యి. మీ మండలం పశువుల దవాఖానలో అడిగి, నట్టల మందు ముందు వేసి, వారం పది రోజులకు రాణిఖెత్ టీకా వేయించు. పెట్ట కడుపులో పాత పుంజు బీజం రెండు మూడు వారాలు నిలిచి ఉంటుంది. అందుకని పుంజును మార్చిన తర్వాత మూడు వారాల గుడ్లు కూరకే వాడుకో.

ఆ తర్వాత పొదగేసిన ఏడో రోజు రాత్రి చీకట్లో సెల్‌ఫోన్ టార్చి మీద గుడ్డు పెట్టి చూడు. ఎర్రటి సన్న నరాలు కనబడితే పుంజు పని చేసినట్టే. నరాలు లేకుండా ఉత్త పసుపుపచ్చ వెలుగే కనబడితే అది పుంజు లోపమే కావచ్చు. నెత్తుటి ఉంగరం కనబడితే మాత్రం పుంజును అనకు, గుడ్డు నిలవెక్కువైందో, వేడి తగిలిందో చూసుకో. పదింటిలో ఎన్నింటికి నరాలు వచ్చాయో ఆ రాత్రే నాకు ఫోన్ చేసి చెప్పు. ఏడుకు తగ్గితే నేనే బస్సెక్కి వస్తా.

నీ అత్తమ్మ