ఎండీఎన్‌ఎస్ జవాబులో క్లాస్ 32769 ఎందుకు వస్తోంది?

మీ ప్రింటర్ పంపిన ఎండీఎన్‌ఎస్ (స్థానిక నెట్‌వర్క్‌లో ప్రత్యేక సర్వర్ లేకుండా పేర్లకు చిరునామాలు కనుక్కునే పద్ధతి) జవాబులో క్లాస్ (రికార్డు ఏ తరహా నెట్‌వర్క్‌కు చెందిందో చెప్పే సంఖ్య) విలువ, నెట్‌వర్క్ ప్యాకెట్లను విడమరిచి చూపే వైర్‌షార్క్‌లో ‘ఐఎన్’ (ఇంటర్నెట్)గా, మీ పైథాన్ స్క్రిప్ట్‌లో 32769గా కనిపిస్తోందనీ, ప్యాకెట్ చెడిపోయిందేమోననీ అడిగారు. ప్యాకెట్ సరిగానే ఉంది. తేడా చదివే పద్ధతిలో ఉంది.

మామూలు డీఎన్‌ఎస్‌లో ఈ గడిలోని 16 బిట్లూ క్లాస్‌కే చెందుతాయి. 2013లో వెలువడిన ఎండీఎన్‌ఎస్ ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 6762 మాత్రం మొదటి బిట్‌కు (దాని విలువ 32768) వేరే పని అప్పగించింది: జవాబు రికార్డులో అది 1 అయితే, అదే పేరుతో, అదే రకంలో ఉన్న పాత రికార్డులను క్యాష్ (తాత్కాలిక నిల్వ) నుంచి తొలగించమని అర్థం, ప్రశ్నలో 1 అయితే, జవాబును అందరికీ కాక అడిగిన పరికరానికే నేరుగా పంపవచ్చని అర్థం. వైర్‌షార్క్ యూడీపీ 5353 పోర్టును బట్టి ఇది ఎండీఎన్‌ఎస్ అని గుర్తించి, ఆ బిట్‌ను విడదీసి, ‘క్యాష్ ఫ్లష్’ అని వేరే వరుసలో చూపుతుంది.

మీ స్క్రిప్ట్‌లో ఆ విలువను 32767తో బిట్‌వైజ్ ఆండ్ (&) చేస్తే మొదటి బిట్ పోయి 1, అంటే ఐఎన్, మిగులుతుంది. అయితే విడదీసిన బిట్‌ను పారవేయకుండా వేరే వేరియబుల్‌లో తప్పక ఉంచుకోండి, ఎందుకంటే ప్రింటర్ ఐపీ చిరునామా మారినప్పుడు మీ ప్రోగ్రామ్ పాత చిరునామాకే పంపుతూ ఉండకుండా కాపాడేది అదే. ట్రాన్సాక్షన్ ఐడీ (జవాబును ప్రశ్నతో జతచేసే సంఖ్య) 0గా ఉండటం కూడా లోపం కాదు. మల్టీకాస్ట్ (అందరికీ ఒకేసారి పంపే) జవాబుల్లో అది అలాగే ఉండాలి.