వేడి మీద స్టార్ట్ కాని పెట్రోల్ బండి: పెట్రోల్ ఎక్కువైందా, అందలేదా?

ప్రశ్న: మా నాన్నగారు మిలిటరీ డిస్పోజల్ వేలంలో కొన్న నిస్సాన్ వన్ టన్ ట్రక్కు మా దగ్గర ఉంది. పెట్రోల్ బండి, ఆరు సిలిండర్లు, ఇంజన్ ఇంకా ఒరిజినలే. పొద్దున్నే చోక్ లాగి సెల్ఫ్ కొడితే వెంటనే అందుకుంటుంది. ఆనందపురం దగ్గర మా తోట నుంచి కొబ్బరికాయలు ఎత్తుకొచ్చినా దారిలో ఎక్కడా ఆగదు. కానీ సింహాచలం కొండెక్కి, బండి ఆపి, దర్శనం చేసుకుని అరగంటకి తిరిగొస్తే ఎంత సెల్ఫ్ కొట్టినా స్టార్ట్ అవ్వదు. గంటన్నర ఆగితే ఏమీ జరగనట్టు స్టార్ట్ అవుతుంది. కాయిల్, ప్లగ్గులు, ఏసీ పంపు (ట్యాంకు నుంచి పెట్రోల్ లాగే పంపు) మార్చాం. కార్బురేటర్ కిట్ వేయించాం. ఇప్పుడు మెకానిక్ డీజిల్ ఇంజన్ పెట్టించేయమంటున్నాడు. నాన్నగారు ఇప్పుడు లేరు, ఆయన నడిపిన ఇంజన్ తీయించడానికి మనసు రావడం లేదండి. ఏం చేయమంటారు?
(ఒక పాఠకుడు, మధురవాడ)

జవాబు: ఆ ఇంజన్ తీయించకండి. నిస్సాన్ లైసెన్సుతో జబల్‌పూర్ వెహికల్ ఫ్యాక్టరీలో తయారైన ఆ వన్ టన్‌లోనూ, దాని జోడీ అయిన జోంగా జీపులోనూ ఉన్నది దాదాపు నాలుగు లీటర్ల పెట్రోల్ ఇంజన్. పెట్రోల్ బాగా తాగుతుందని చాలామంది డీజిల్ వేయించుకున్నారు, కాబట్టి అసలు ఇంజన్‌తో తిరిగే బండి కనిపిస్తే నాకు ఇప్పటికీ ఆగి చూడాలనిపిస్తుంది. మీ బండిలో ఇంజన్ చెడిపోలేదు. పొద్దున్నే వెంటనే అందుకుంటోందంటే కంప్రెషన్, బ్యాటరీ బాగున్నట్టే. లోడుతో, ఘాట్ రోడ్డు మీద ఆగకుండా ఎక్కుతోందంటే పంపు సరిపడా పోస్తోంది, కార్బురేటర్‌లో పెట్రోల్ వెళ్లే సన్నటి రంధ్రాలు, అంటే జెట్లు, మూసుకుపోలేదు. ఆపి అరగంట ఉంచినప్పుడే మొరాయిస్తోంది, చల్లారితే మళ్లీ మామూలే. అంటే తప్పంతా బండి ఆగి ఉన్న ఆ అరగంటలోనే జరుగుతోంది.

ఆ అరగంటలో ఏమవుతుందో చెప్తాను. బండి నడిచేటప్పుడు ఫ్యాను గాలి, రేడియేటర్ నీళ్లు, ట్యాంకు నుంచి వస్తూ ఉండే చల్లటి పెట్రోల్, ఈ మూడూ కలిసి కార్బురేటర్‌ని కాపాడతాయి. తాళం తిప్పి ఆపగానే మూడూ ఒకేసారి ఆగిపోతాయి, కానీ కొండెక్కి వచ్చిన మానిఫోల్డ్ (ఇంజన్‌లోకి పెట్రోల్ గాలి వెళ్లే, పొగ బయటికి వచ్చే గొట్టాలు), హెడ్డు మాత్రం కాలుతూనే ఉంటాయి. ఆ వేడి పోవడానికి దారి లేక పైకి కార్బురేటర్‌లోకి ఎక్కుతుంది, అందుకే ఇంజన్ ఆపాక పదిహేను ఇరవై నిమిషాల పాటు బానెట్ కింద వేడి తగ్గకపోగా పెరుగుతుంది. పెట్రోల్ నీళ్లలాగా ఒకే వేడి దగ్గర మరిగేది కాదు, అది రకరకాల ద్రవాల మిశ్రమం. అందులో తేలికవి 35, 40 డిగ్రీల దగ్గరే ఆవిరవడం మొదలుపెడతాయి. మే నెలలో మన విశాఖ ఎండకి కొండ మీద ఆపిన బండిలో ఫ్లోట్ చాంబర్, అంటే కార్బురేటర్‌లో పెట్రోల్ నిలవ ఉండే గిన్నె, ఎంత వేడెక్కుతుందో ఆలోచించండి.

ఇక్కడి నుంచి దారి రెండుగా చీలుతుంది, మీ మెకానిక్ తేల్చకుండా వదిలేసింది దీన్నే. చాంబర్‌లో మరిగిన పెట్రోల్ నాజిల్ గుండా పొంగి మానిఫోల్డ్‌లోకి కారిపోతే ఇంజన్ తడిసిపోతుంది, అది పెట్రోల్ ఎక్కువైన కేసు. పెట్రోల్ ఆవిరైపోయి చాంబర్ ఖాళీ అయినా, పంపులోనో పైపులోనో ఆవిరి చేరి పంపు పెట్రోల్‌ని లాగలేకపోయినా ఇంజన్‌కి అందాల్సింది అందదు, అది తక్కువైన కేసు. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి, సెల్ఫ్ తిరుగుతుంది, ఇంజన్ అందుకోదు. మందు మాత్రం ఒకదానికి పనికొచ్చేది రెండోదానికి పనికిరాదు. ఏ కేసో తెలియకుండా సామాను మార్చుకుంటూ పోతే డబ్బు ఖర్చవుతుంది, జబ్బు అలాగే ఉంటుంది, మీకు జరిగింది అదే.

కాబట్టి ఈసారి కొండ మీద స్టార్ట్ కానప్పుడు ఏమీ మార్చకుండా పరీక్ష చేయండి. ముందు స్పార్క్ చూడాలి, ఎందుకంటే కాయిల్, కండెన్సర్ కూడా వేడెక్కితే చచ్చిపోయి చల్లారితే లేస్తాయి. మీరు కాయిల్ మార్చారు సరే, డిస్ట్రిబ్యూటర్ దగ్గర ఉండే చిన్న కండెన్సర్ మార్చినట్టు రాయలేదు. స్పార్క్ టెస్టర్ పెట్టి చూడండి, ప్లగ్గు వైరు తీసి బాడీకి కొట్టి చూసే పాత అలవాటు మాత్రం దయచేసి వద్దు, ఆ సమయానికి బానెట్ కింద పెట్రోల్ ఆవిరి నిండి ఉంటుంది. మంటలార్పే సిలిండర్ ఒకటి బండిలో ఉంచుకోండి. సెల్ఫ్ బరువుగా, ఈడుస్తూ తిరుగుతుంటే అది పెట్రోల్ సంగతి కాదు, బ్యాటరీ కేబుళ్లు, ఎర్త్ చూడాలి.

స్పార్క్ ఉంటే ఇగ్నిషన్ ఆపి, ఎయిర్ క్లీనర్ తీసి, మొహం దూరంగా పెట్టి కార్బురేటర్ గొంతులోకి టార్చి వేసి చూడండి. నాజిల్ నుంచి బొట్లు పడుతుంటే, లోపలంతా తడిగా ఉంటే, వాసన గుప్పుమంటే ఎక్కువైనట్టే. లోపల పొడిగా ఉంటే ఒకరిని యాక్సిలరేటర్ ఒక్కసారి తొక్కమనండి. సన్నటి ధార చిమ్మితే చాంబర్‌లో పెట్రోల్ ఉన్నట్టు, ఏమీ రాకపోతే ఖాళీ అయినట్టు. ఈ ఒక్క చూపుతోనే చాలావరకు తేలిపోతుంది.

ఎయిర్ క్లీనర్ తిరిగి బిగించాక, తడిసిన కేసైతే యాక్సిలరేటర్ చివరిదాకా తొక్కి, మధ్యలో వదలకుండా, పదే పదే తొక్కకుండా, చోక్ ముట్టుకోకుండా సెల్ఫ్ కొట్టండి. పది సెకన్లలోపు నల్లపొగ కక్కి అందుకుంటే అనుమానమే లేదు. వేడి మీద స్టార్ట్ కాకపోతే మనవాళ్లు కంగారులో యాక్సిలరేటర్ టపటపా పదిసార్లు తొక్కుతారు. తడిసిన ఇంజన్‌కి అది ఇంకా పెట్రోల్ పోయడమే. తొక్కి తొక్కి అలిసిపోయి గంటన్నర కూర్చుంటే అది ఆరిపోయి స్టార్ట్ అవుతుంది.

ఎక్కువైన కేసుకి రిపేరు ఇలా. ఫ్లోట్ లెవెల్ కొలత ప్రకారం పెట్టించండి, కిట్ వేసినప్పుడు చాలాచోట్ల ఆ కొలత చూడరు. చాంబర్ నిండగానే పెట్రోల్‌ని ఆపే నీడిల్ పూర్తిగా మూసుకుంటోందో లేదో చూడండి, బండి ఆపాక పంపుకీ కార్బురేటర్‌కీ మధ్య పైపులో ఉన్న పెట్రోల్ వేడికి వ్యాకోచించి నీడిల్‌ని తోసుకుని లోపలికి వచ్చేస్తుంది. అన్నిటికన్నా ముఖ్యంగా కార్బురేటర్ కింద మానిఫోల్డ్ మీద దళసరి ఫైబర్ దిమ్మ ఉందా, లేక ఎవరో తీసేసి పల్చటి ప్యాకింగ్ పెట్టారా చూడండి. వేడి పైకెక్కకుండా ఆపేది ఆ దిమ్మే, రిపేర్లలో మొదట మాయమయ్యేదీ అదే. మానిఫోల్డ్‌కీ కార్బురేటర్‌కీ మధ్య రేకు అడ్డం ఉండి ఊడిపోయినట్టయితే అలాంటిది ఒకటి చేయించి పెట్టించండి.

అందని కేసైతే పెట్రోల్ పైపు ఏ దారిన వెళ్తోందో వేలితో వెంబడించండి. పైపు మార్చినప్పుడు ఎగ్జాస్ట్‌కి ఆనించి తిప్పేస్తుంటారు, దాన్ని దూరం జరపడం ఖర్చు లేని మందు. ట్యాంకు మూత కూడా చూడండి, తీయగానే ఉస్సుమని గాలి లోపలికి లాక్కుంటే మూత రంధ్రం మూసుకుపోయినట్టే, సముద్రపు గాలికి తుప్పు పట్టే మన ఊళ్లో ఇది మామూలే. తప్పు పంపులో ఉందా అని అనుమానం ఉంటే పాత డ్రైవర్ల పద్ధతి చేయండి. తువ్వాలు తడిపి పంపుకీ పైపుకీ చుట్టి ఐదు నిమిషాలు ఆగండి. వెంటనే అందుకుంటే ఆవిరి అక్కడే ఉన్నట్టు. అరకు ఘాట్లో బానెట్లు ఎత్తి తడిగుడ్డలు చుట్టిన జీపుల్ని నేను కళ్లారా చూశాను, అది పనిచేస్తుంది. అయితే నీళ్లు చెంబుతో పోయకండి, ఎర్రగా కాగిన పోత ఇనుము మానిఫోల్డ్ మీద పడితే పగులుతుంది.

ఇంకొకటి, ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్ 78 డిగ్రీలకే మరుగుతుంది, పెట్రోల్‌తో కలిసినప్పుడు తేలిక భాగాలతో పాటు ఇంకా ముందే ఆవిరవుతుంది. మీ నాన్నగారి రోజుల్లో రాని ఇబ్బంది ఇప్పుడు వస్తోందంటే ఇది కూడా ఒక కారణం కావచ్చు. పాత రబ్బరు పైపుల్ని, పంపు డయాఫ్రమ్‌ని ఇథనాల్ ఉబ్బిస్తుంది కాబట్టి అది తట్టుకునే రబ్బరువి వేయించండి. ఎలక్ట్రిక్ పంపు పెట్టాల్సి వస్తే ట్యాంకు దగ్గర, కిందుగా పెట్టించండి, ఒత్తిడి మూడు నాలుగు పీఎస్ఐ మించనిది తీసుకోండి, ఇంజెక్షన్ బండ్ల పంపు వేస్తే నీడిల్ ఆ ఒత్తిడిని ఆపలేక పెట్రోల్ బయటికి పొంగుతుంది.

పరీక్ష చేశాక కార్బురేటర్ లోపల తడిగా ఉందో పొడిగా ఉందో నాకు రాయండి. నా అంచనా అయితే ఫైబర్ దిమ్మ లేదు.

ప్రశ్న: నాది పాత పెట్రోల్ అంబాసిడర్. ప్లాస్టిక్ ఫిల్టర్ వేయించాక అందులో ఎప్పుడూ సగమే పెట్రోల్ కనిపిస్తోంది, బుడగలు కూడా వస్తున్నాయి. టెన్షన్‌గా ఉంది. వేడి మీద స్టార్టింగ్ ఇబ్బంది ఏమీ లేదు.
(ఒక పాఠకురాలు, గాజువాక)

జవాబు: ఇబ్బంది లేదంటున్నారు కాబట్టి దాన్ని చూసి భయపడకండమ్మా. ఫిల్టర్ సగం ఖాళీగా కనిపించడం చాలా బండ్లలో మామూలే, పెట్రోల్ కింది నుంచి పోతూనే ఉంటుంది. స్పీడులో దగ్గినా, ఎక్కుడు మీద లాగకపోయినా అప్పుడు ట్యాంకు నుంచి పంపు దాకా ఉన్న పైపు కీళ్లు బిగించి చూడండి, అక్కడ గాలి లాగుతున్నా బుడగలు వస్తాయి. ఆ ఫిల్టర్ మాత్రం ఎగ్జాస్ట్ వైపు వేలాడకుండా క్లిప్పు పెట్టించండి.